ఉపవాసం నిలిచింది, విధేయత నిలవలేదు: కావలి తమ్ముడికి జవాబు

తమ్ముడికి వందనాలు.

నువ్వు రాసినదాన్ని ముందు నాకు అర్థమైనట్టు చెప్తా, తేడా ఉంటే సరిదిద్దు. బాప్తిస్మం తీసుకుని ఏడాదిన్నర అయింది. కావలి దగ్గర రొయ్యలు కొనే వ్యాపారి దగ్గర కాటా చూసే పని. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి లేచి రెండు గంటలు ప్రార్థన చేస్తానని దేవునికి మొక్కుకున్నావు, అది నిలబడలేదు. 21 రోజుల ఉపవాసం మాత్రం పూర్తి చేశావు. ఆ మూడు వారాలు బాగానే ఉన్నావు, నాలుగో వారం రాత్రిళ్లు ఫోన్లో చూడకూడనివి చూడటం మళ్లీ మొదలైంది. పని దగ్గర ఓనరు కౌంటు, అంటే రొయ్యల సైజు లెక్క, మార్చి రాయమంటే రాస్తున్నావు. అమ్మానాన్న విశ్వాసులు కారు, వచ్చే నెల పోలేరమ్మ కొలుపులో నువ్వు ముందుండాలంటున్నారు. చివర్లో నీ ప్రశ్న: దేవునికి నమ్మకంగా, విధేయంగా ఉండాలంటే ఇంకేం చేయాలి, ఈసారి 40 రోజులు ఉపవాసం పట్టమంటారా?

పట్టొద్దు. ఉపవాసం మంచిదే, కానీ నీ జబ్బుకి మందు అది కాదు. ఉపవాసం గురించి పన్నెండు లైన్లు రాశావు, కౌంటు సంగతి ఒకే ఒక్క లైనులో రాసి దాటేశావు. నాకైతే రోగం ఆ ఒక్క లైనులోనే కనపడుతోంది.

మొదటి సమూయేలు 15వ అధ్యాయం తీసి నిదానంగా చదువు. ఇశ్రాయేలు రాజైన సౌలు దేవుని మాట అసలు విననివాడు కాదు. అమాలేకీయుల మీదికి పోయి, వాళ్లనీ వాళ్ల మందల్నీ ఏదీ మిగల్చకుండా నాశనం చేయమని ప్రవక్త సమూయేలు ద్వారా ఆజ్ఞ వస్తే పోయాడు. అమాలేకీయులను కొట్టాడు. చెప్పినదాంట్లో ఎక్కువ భాగం చేశాడు. మిగుల్చుకున్నది వాళ్ల రాజైన అగగునీ, మందల్లో మంచివాటినీ. పనికిరానివాటిని మాత్రం నాశనం చేశాడని 9వ వచనం తేటగా చెప్తుంది. తర్వాత కర్మెలులో తనకొక జ్ఞాపకస్తంభం నిలబెట్టుకున్నాడు. సమూయేలు కనపడగానే ఆయన అడగకముందే, యెహోవా ఆజ్ఞ నెరవేర్చానని తనే చెప్పేశాడు. మరి ఈ గొర్రెల అరుపులేంటని సమూయేలు అడిగితే, అవి దేవునికి బలి ఇవ్వడానికి జనం ఉంచారన్నాడు. 9వ వచనంలో సౌలూ జనమూ కలిసి ఉంచారని ఉంటే, 15కి వచ్చేసరికి జనం మాత్రమే మిగిలారు. 30వ వచనంలో ఒప్పుకున్నాక కూడా పెద్దల ముందు నా పరువు కాపాడమని బతిమాలుతున్నాడు.

ఆ గొర్రెల్ని దేవుడి కోసమే ఉంచామన్న సాకు దగ్గర ఆగు. విధేయత తప్పినచోట మనం భక్తి తెచ్చి కప్పుతాం. ఇది సౌలుతో పోలేదు. వడ్డీ వ్యాపారంలో పీడించి గుడికి మైకు సెట్టు కొనిచ్చేవాళ్లూ, అన్నదమ్ముడి పొలం గట్టు జరిపి రాత్రంతా మేల్కొని ప్రార్థించేవాళ్లూ మన చుట్టుపక్కలే ఉన్నారు. వాళ్లంతా దొంగ భక్తులని నేననను. భక్తి నిజమే. అడిగింది ఒకటి, ఇస్తున్నది ఇంకొకటి, అంతే. సమూయేలు జవాబు నీకు నోటికి వచ్చే ఉంటుంది: "బలులు అర్పించుటకంటె ఆజ్ఞను గైకొనుటయు, పొట్టేళ్ల క్రొవ్వు అర్పించుటకంటె మాట వినుటయు శ్రేష్ఠము."

నీ 21 రోజులు ఎందుకు నిలవలేదో ఇక్కడే తెలుస్తుంది. ఆ మూడు వారాలూ కాటా దగ్గర ఏమీ మారలేదు. పగలంతా అబద్ధపు అంకె రాసి సాయంత్రం ఉపవాసంతో దాన్ని కడిగే ప్రయత్నం జరిగింది. ఉపవాసం అయిపోగానే కడిగేది పోయింది, అంకె మిగిలింది. ఫోను దగ్గర పడిపోవడానికీ దీనికీ సంబంధం లేదనుకోవద్దు. దాచడం అనేది ఒక్కటే విద్య. ఒకచోట నేర్చిన చెయ్యి రెండోచోట దానంతట అదే ఆడుతుంది.

కాటా దగ్గరికి వెళ్లేముందు ఒక సంగతి, లేకపోతే ఇదంతా తలకిందులవుతుంది. పది ఆజ్ఞలు ఎక్కడ మొదలవుతాయి? నిర్గమకాండము 20:3లో. దానికి ముందు 2వ వచనం ఉంది: ఐగుప్తు దాస్యగృహంలోనుంచి నిన్ను బయటికి తెచ్చిన దేవుణ్ని నేనే అని. ముందు విడిపించాడు, తర్వాత ఆజ్ఞ ఇచ్చాడు. ఇవి పాటిస్తే విడిపిస్తానని ఐగుప్తులో ఉండగా చెప్పలేదు. ఎఫెసీయులకు 2:8-10లోనూ వరుస ఇదే, కృపచేత రక్షణ, తర్వాత సత్క్రియలు. ఈ వరుస తిరగేస్తే విధేయత కాస్తా కూలి లెక్కవుతుంది. బాగా చేసిన వారం దేవుడు నాకు బాకీ ఉన్నాడనిపిస్తుంది, పడిన వారం గుడి గడప తొక్కబుద్ధి కాదు. నువ్వు పడగానే నాలుగు ఆదివారాలు మానేశానని రాశావే, అది ఈ కూలి లెక్కే.

ఇక కౌంటు. రొయ్యల సంగతి తెలియనివాళ్లూ ఇది చదువుతారు కాబట్టి విడమరుస్తా. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు. 40 కౌంటంటే కిలోకి నలభై. కౌంటు పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, రేటు తక్కువ. పట్టుబడి రోజు, అంటే గుంటలో రొయ్యలు పట్టే రోజు, గట్టు మీద శాంపిలు తీసి లెక్కపెడతారు, ఆ అంకె మీదే మొత్తం సరుకుకి రేటు. అనుకుందాం, 40 కౌంటుకి కిలో 360 రూపాయలు, 45 కౌంటుకి 335. నువ్వు 40 బదులు 45 రాస్తే కిలోకి 25 పోయింది. 2 టన్నుల పట్టుబడైతే రైతుకి 50,000 పోయినట్టు. ఆ కుటుంబం మూడు నాలుగు నెలలు రాత్రింబగళ్లు గుంట మీద కాపలా కాసిన కష్టం అది. కలం గీత ఒక్కటే, దొంగతనం మాత్రం చిన్నది కాదు.

ఎలా జరుగుతుందో నీకే బాగా తెలుసు, అయినా పేరు పెట్టి చెప్పుకుంటే తప్ప మనసు ఒప్పుకోదు. శాంపిలుకి చిన్నవి ఏరి వేయడం ఒకటి. తెగిపోయిన ముక్కల్ని కూడా ఒక్కోటిగా లెక్కపెట్టడం ఇంకొకటి. అన్నిటికన్నా కనపడనిది శాంపిలు తూకం: కాటా మీద కిలో అని చూపించి నిజానికి 1,100 గ్రాములు తూస్తే, 40 కౌంటు సరుకు అక్కడికక్కడే 44 అవుతుంది. రైతు కళ్లముందే లెక్కపెట్టావు, ఒక్క రొయ్య కూడా తప్పు లెక్కపెట్టలేదు, అయినా అబద్ధమే. ద్వితీయోపదేశకాండము 25:13 ఇక్కడ చాలా గట్టిది. హెచ్చుతగ్గుల తూనికరాళ్లతో తూచొద్దని ఊరుకోదు, అసలు సంచిలో ఉంచుకోవద్దంటుంది. సామెతలు 11:1 దొంగత్రాసు యెహోవాకు హేయమంటుంది. గుడిలో చేసే తప్పులకి వాడే మాటే కాటాకీ వాడాడు.

సరైన పద్ధతి కష్టమేమీ కాదు. శాంపిలు మూడు వేర్వేరు వలల్లోంచి తియ్యి, చేతికి వచ్చినవి వచ్చినట్టు. నీళ్లు కారడం ఆగాక తూచు. ఖాళీ ట్రే పెట్టి కాటా సున్నా చేసి, ఆ సున్నా రైతుకి చూపించు. మూడు శాంపిళ్లు 41, 43, 42 వస్తే 42 రాయి. మెత్తవీ తెగినవీ పక్కన పెట్టి విడిగా తూచు, వాటి రేటు ముందే మాట్లాడుకోండి. తరుగు, అంటే తూకంలో కోత, ఎంత తీస్తారో కూడా పట్టుబడికి ముందే నోటితో చెప్పండి. ముందు చెప్పి ఒప్పుకున్న తరుగు బేరం, చెప్పకుండా తీసింది దొంగతనం. ఎలక్ట్రానిక్ కాటాకి తూనికలు కొలతల శాఖ ముద్ర ఏటేటా వేయించాలి, మీదానికి ఉందో లేదో చూడు.

నువ్వు ఓనరువి కాదు, జీతగాడివి. అందుకని ఎంతవరకు నీ బాధ్యత? నీ చెయ్యి రాసే అంకె వరకు పూర్తిగా నీదే. అతని మిగతా వ్యాపారం నీది కాదు. అతని సంగతి వాట్సాప్‌లో పెట్టడం, ఊళ్లో చాటడం విధేయత అనిపించుకోదు, కసి అనిపించుకుంటుంది. దానియేలు 1వ అధ్యాయంలో దానియేలు మాట్లాడిన తీరు చూడు. రాజు భోజనంతో అపవిత్రపరచుకోకూడదని ముందు తన మనసులో నిశ్చయించుకున్నాడు. ఆ తర్వాత నపుంసకుల అధిపతిని వేడుకున్నాడు, తిట్టలేదు. అతను రాజుకి భయపడితే, కాపలావాడి దగ్గర పది రోజుల గడువు అడిగాడు. ఎదుటివాడి ప్రాణభయం కూడా ఆలోచించాడన్నమాట. నువ్వూ అలాగే. ఓనరు ఒక్కడే ఉన్నప్పుడు, సరుకు లోడయ్యే హడావుడిలో కాకుండా, "అన్నా, ఇక నేను వచ్చిన కౌంటే రాస్తాను, మార్చి రాయలేను. కాటా పని వేరేవాళ్లకి ఇస్తే ఐసు దగ్గరో లోడింగ్ దగ్గరో చేస్తాను. ఒక్క నెల చూడండి" అను. నా దేవుడు, నా బైబిలు అంటూ ఉపన్యాసం వద్దు. అడిగితే చెప్పు.

నెల చూస్తాడా? చూడొచ్చు. రైతుల్లో నమ్మకం పెరిగితే సరుకు కూడా పెరగొచ్చు. ఉద్యోగం పోవడానికి కూడా అంతే అవకాశం ఉంది. విధేయంగా ఉంటే దేవుడు తప్పకుండా ఇంకా పెద్ద ఉద్యోగం ఇస్తాడని నీకు ఎవరైనా చెప్తే, వాళ్లు దానియేలు 3:18 చదవలేదనుకో. రాజు నిలబెట్టిన విగ్రహానికి మొక్కనన్న ముగ్గురు యూదులు అగ్నిగుండం ముందు "ఒకవేళ ఆయన రక్షింపకపోయినను" అన్నారు. ఆ మాట లేని విధేయత కూడా ఒక రకం బేరమే. చేతిలో రెండు నెలల ఖర్చు లేదు కదా, కూడబెట్టుకుని మానేస్తాను అనుకుంటే జాగ్రత్త. ఉద్యోగం మారడానికి గడువు పెట్టుకోవచ్చు, అబద్ధం రాయడానికి గడువు పెట్టుకోలేవు.

మన ప్రాంతంలో ఇది కొత్త సమస్య కూడా కాదు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చాక, ఎర్రగుంట్ల పేరయ్యతో మొదలై మాదిగపల్లెల నుంచి వచ్చి చేరినవాళ్ల ముందు పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పనికి పోవద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. వినడానికి ఎంత చిన్నవి! కానీ ఆదివారం రానంటే రైతు పనిలోంచి తీసేస్తాడు. చచ్చిన గొడ్డు మానేస్తే పేద ఇంట్లో దొరికే ఆ కాస్త మాంసమూ పోతుంది. కొలుపులో డప్పు కొట్టనంటే కరణం దగ్గర్నుంచి ఊరంతా ఎదురు. మూడింటిలో ప్రతిదీ అన్నం కంచం దగ్గరో కూలి దగ్గరో తగిలేదే. రోజుకి ఇన్ని గంటల ప్రార్థన అన్న నియమం అందులో లేదు చూడు. అంటే వాళ్లు ప్రార్థించలేదని కాదు. వాళ్ల జీవితంలో విధేయత ఖరీదైనది ఎక్కడో అక్కడే గీత గీశారు.

1876-78 కరువులో అదే క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువలో కొంత తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి పని కల్పించారు. అప్పుడు బాప్తిస్మం అడిగినవాళ్లు వేలల్లో ఉన్నారు. కరువు పని నడిచినన్నాళ్లూ ఇవ్వలేదు, కూటి కోసం వస్తున్నారేమోనని. పని అయిపోయాక కూడా వాళ్లు ఆగలేదు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది తీసుకున్నారు. ఆ సంఖ్య మన సభల్లో అందరూ చెప్తారు, దానికి ముందు నెలల తరబడి ఆపిన సంగతి మాత్రం తక్కువమంది చెప్తారు. నాకైతే ఆ ఆపడమే గొప్పగా కనిపిస్తుంది.

ఇప్పుడు నీ నాలుగింటి మొక్కు. పట్టుబడి ఉన్న రాత్రి నువ్వు ఇంటికి చేరేది ఒంటిగంటకో రెండింటికో. నాలుగింటికి లేస్తానని మొక్కుకోవడమే తొందరపాటు. ముందు మొక్కుకుని తర్వాత ఆలోచించుకోవడం ఉరి అని సామెతలు 20:25 చెప్తుంది. మాట తప్పానని ఒప్పుకో, మీ పాస్టరు అయ్యగారికి చెప్పు, దాని బదులు ఇంకో మొక్కు మాత్రం పెట్టుకోవద్దు. పనికి పోయేముందు ఇరవై నిమిషాలు చాలు, అది ఏ గంటకైనా సరే. మార్కు సువార్త తీసుకో, 16 అధ్యాయాలే. రోజుకి ఒక పేరా, అంతకంటే వద్దు. చదివాక జేబు డైరీలో ఒకే ఒక్క లైను రాయి, ఈరోజు చేయాల్సింది. ఆ లైనులో ఒక మనిషి పేరో ఒక వేళో ఉండాలి. "అందరినీ ప్రేమించాలి" అని రాస్తే సాయంత్రానికి చేశావో లేదో నీకే తెలియదు. "మధ్యాహ్నం నాన్నకి బీపీ మాత్రలు తేవాలి" అని రాస్తే తెలుస్తుంది. రాత్రి టిక్కు పెట్టు, చేయకపోతే చేయలేదని రాయి. ఒకరోజు ప్రార్థన తప్పితే మర్నాడు నలభై నిమిషాలు చేసి పూడ్చొద్దు. పూడ్చడం మొదలుపెట్టినవాడు మూడోరోజుకి గంట బాకీ పడి మొత్తం వదిలేస్తాడు. తప్పిన రోజు తప్పిందే, మర్నాడు మళ్లీ ఇరవై.

ఫోను. నువ్వు పడే వేళ ఒకటే, గమనించావా? పట్టుబడి నుంచి వచ్చాక ఒళ్లు అలిసి ఉంటుంది, నిద్ర పట్టదు, గదిలో ఒక్కడివే. అప్పుడు ప్రార్థన బలం వెతుక్కోవడం ఆలస్యం. గీత అంతకుముందే గీయాలి. ఇంటికి రాగానే ఫోను వంటింటి అలమరలో నాన్న ఫోను పక్కన ఛార్జింగు పెట్టు. రాత్రి ఓనరు ఫోను వస్తుందంటావేమో, ఆ సిమ్ము వెయ్యి రూపాయల కీప్యాడ్ ఫోన్లో వేసి అది పక్కన పెట్టుకో. తెల్లారి లేవడానికి అలారం గడియారం కొనుక్కో. ఇవి చాలా చిన్న పనులు, అందుకే మనకి ఆధ్యాత్మికంగా అనిపించవు. "నీ కుడికన్ను నిన్ను అభ్యంతరపరచినయెడల" అన్నప్పుడు యేసు కూడా ఆ వస్తువునే దూరం చేయమన్నాడు, దాని పక్కన కూర్చుని పోరాడమనలేదు.

సంఘంలో పెళ్లయిన, నోరు జారని ఒక మగమనిషికి చెప్పు. ఒక్కడికే. సాక్ష్యాల కూటంలో లేచి చెప్పొద్దు, యూత్ గ్రూపులో పెట్టొద్దు. వారానికోసారి ఆయన రెండే అడగాలి: ఈ వారం పడ్డావా, ఈ వారం కౌంటు మార్చావా. రెండూ కలిపే అడగమని చెప్పు.

కొలుపు సంగతికి వస్తే, మన కుర్రాళ్లు చేసే తప్పు చెప్పే పద్ధతిలో ఉంటుంది. రోజు దగ్గరపడేదాకా నోరు మెదపరు, తీరా చుట్టాలందరి ముందు బొట్టు తుడిచేసి తల్లిని ఏడిపిస్తారు. పదిహేను రోజుల ముందు నాన్నతో ఒంటరిగా మాట్లాడు. చేయనివాటికంటే చేసేవి ముందు చెప్పు. షామియానా వేయిస్తాను, నీళ్ల డ్రమ్ములు తెస్తాను, చుట్టాల్ని బస్టాండు నుంచి తీసుకొస్తాను, గిన్నెలు కడుగుతాను. పొంగలి కుండ ఎత్తను, మొక్కను, బలి దగ్గర నిలబడను. చందా అడుగుతారు. నా అభిప్రాయం, పూజకి ఇవ్వొద్దు, కానీ అంత మొత్తమే ఊరి బడికో మంచినీళ్ల ట్యాంకుకో నలుగురికి తెలిసేలా ఇవ్వు. డబ్బు మిగుల్చుకోవడానికే క్రైస్తవుడయ్యాడన్న మాట రానివ్వొద్దు. ఈ చందా విషయంలో విశ్వాసులందరూ ఒకలా ఆలోచించరు, మీ అయ్యగారితోనూ మాట్లాడు. మాంసం గురించి 1 కొరింథీయులకు 10:25-28 చదువు. ఇది బలి ఇచ్చిందని ఎవరైనా చెప్తే తినకు, చెప్పకుండా పెట్టినదాన్ని విచారించకు.

ఒకటి మర్చిపోవద్దు. మార్కు 7:11లో యేసు గద్దించింది కొర్బాను, అంటే దేవునికి అర్పితం, అన్న పేరు చెప్పి తల్లిదండ్రులకి పెట్టాల్సింది ఎగ్గొట్టినవాళ్లని. ఇంట్లో అమ్మ కంటి ఆపరేషను వాయిదా వేస్తూ నువ్వు ప్రత్యేక కానుకలు వేస్తుంటే, అది కూడా సౌలు గొర్రెల లెక్కే.

సంఘ పెద్దలకి లోబడమని హెబ్రీయులకు 13:17లో ఉంది, లోబడు. అయితే దశమభాగం, అంటే సంపాదనలో పదో వంతు, ఇవ్వలేదు కాబట్టే పడిపోతున్నావని ఎవరో ప్రవచనంగా చెప్పారన్నావు. సమస్తమును పరీక్షించమని 1 థెస్సలొనీకయులకు 5:21 చెప్తుంది. బెరయ ఊరివాళ్లు అపొస్తలుడైన పౌలు మాటనే లేఖనాలతో సరిచూశారు (అపొస్తలుల కార్యములు 17:11). నువ్వు సరిచూస్తే తప్పేం కాదు.

పడినప్పుడు ఏం చేయాలి? ఆ రాత్రే మోకరించి పేరు పెట్టి ఒప్పుకో, "ఏవైనా తప్పులుంటే క్షమించు" అని కాదు. మర్నాడు, వారానికోసారి నిన్ను అడిగే ఆ పెద్దమనిషికి చెప్పు. ఆదివారం మానొద్దు. "నేను అయోగ్యుణ్ని, ఈ నెల బల్ల తీసుకోను" అని, అంటే ప్రభువు రొట్టె, ద్రాక్షారసం వద్దని, వెనక బెంచీలో కూర్చునేవాళ్లు 1 కొరింథీయులకు 11:28 సగమే చదువుతారు. తన్ను తాను పరీక్షించుకోవాలి అని అక్కడ ఆగలేదు, "ఆలాగుచేసి ఆ రొట్టెను తిని" అని ఉంది. పరీక్ష బల్ల దగ్గరికి రావడానికి. ఒప్పుకోకుండా, వదిలిపెట్టే ఉద్దేశం లేకుండా రావడం వేరు, అది నీ విషయం కాదనుకుంటున్నా.

చివరిది డబ్బు తిరిగి ఇవ్వడం. దీన్ని నువ్వు అడగలేదు, కానీ ఇది లేకుండా కౌంటు వ్యవహారం తీరదు. సంఖ్యాకాండము 5:7 ప్రకారం అసలు, దానికి ఐదో వంతు కలిపి. సువార్తలో సుంకరి జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నది తన సంతోషం కొద్దీ చెప్పిన మాట. మార్చి రాసిన ప్రతి పట్టుబడికి ఓనరు నీ చేతిలో 500 అదనంగా పెట్టాడనుకో, అది 500, దాని మీద 100, ఒక్కో రైతుకి 600. అలాంటివి పద్నాలుగు ఉంటే 8,400. నీ బాకీ కనీసం అది. డైరీలో పద్నాలుగు పేర్లు రాసుకో, నెలకి ఇద్దరు ముగ్గురి చొప్పున తీర్చు. ఈ డబ్బు కానుక పెట్టెలో వేసి చేతులు దులుపుకోవద్దు. నష్టపోయినవాడూ అతని దగ్గరి బంధువూ లేనప్పుడే అది యెహోవాకు చెందుతుందని తర్వాతి వచనంలోనే ఉంది. రైతు బతికే ఉన్నాడు, అతని గుంట ఎక్కడో నీకు తెలుసు.

వరుస తప్పొద్దు. ముందు ఓనరుతో మాట, తర్వాతే రైతుల దగ్గరికి. రైతు ఊరుకోడు. నాకు పోయింది 50,000, నువ్వు 600 తెచ్చావా అంటాడు, అనడంలో న్యాయముంది. "ఆ రోజు మార్చి రాసింది నేనే. నా చేతికి వచ్చింది ఇంత. మిగతాది మీరు ఓనరుతో తేల్చుకోవాలి, నన్ను పిలిస్తే ఉన్నది ఉన్నట్టు చెప్తాను" అను. ఫోన్‌పే కొట్టి మెసేజీ పెట్టొద్దు, మనిషి దగ్గరికి మనిషి వెళ్లాలి. తిడితే నిలబడి విను, చెయ్యి విసిరి డబ్బు వద్దంటే గట్టు మీద పెట్టి రా. వచ్చే నెల మొదటి ఆదివారం బల్ల ఉంటుంది కదా, ముందు సమాధానపడి తర్వాత అర్పణ తెమ్మన్న మత్తయి 5:24 లెక్కన శనివారంలోపు కనీసం మొదటి ఇద్దరి దగ్గరికి వెళ్లి రా. ఎక్కువ నష్టపోయినవాళ్లతో మొదలుపెట్టు.